యామనపల్లి ఎముకలు, మేడిపల్లి ఏనుగు

వేసవి సెలవుల్లో పిల్లల్ని హైదరాబాదు తీసుకెళ్లే గోదావరిఖని కుటుంబాలు చార్మినారు, జూపార్కు, ట్యాంక్‌బండ్ చూపించి రాత్రి బండికి తిరిగి వస్తాయి. మేమూ చాలాసార్లు అలాగే వచ్చాం. ఒకసారి బండికి ఇంకా నాలుగు గంటల సమయం ఉంది, ఎండ మండిపోతోంది, నీడ కోసం బిర్లా సైన్స్ మ్యూజియంలోకి వెళ్లాం. అక్కడ డైనోసార్ల గదిలో ఒక పెద్ద అస్థిపంజరం నిలబడి ఉంది. పొడవాటి మెడ, అంతకంటే పొడవాటి తోక, స్తంభాల్లాంటి నాలుగు కాళ్లు. ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 30 అడుగులు.

మా చిన్నది బోర్డు చదివి నా చెయ్యి లాగింది. "అమ్మా, ఇది అమెరికాది కాదు. ఆదిలాబాద్ జిల్లా అంట!"

నేను నమ్మలేదు. దగ్గరికి వెళ్లి చదివాను. నిజమే. పేరు కోటాసారస్ యామనపల్లియెన్సిస్. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో ప్రాణహిత వైపున్న యామనపల్లి అనే పల్లెటూరి పేరు దాని పేరులోనే ఉంది. గోదావరి వంతెన దాటితే ఆ జిల్లాయే. పెళ్లిళ్లకూ సభలకూ మనం తిరిగే దారులే. బొగ్గు గనుల ఊళ్లో పుట్టి పెరిగి, భూమి లోపలి సంగతులు మాకంటే ఎవరికి తెలుసు అనుకునేదాన్ని నేను. ఆ రోజు కొంచెం సిగ్గుపడ్డాను.

ఆ తరువాత ఈ విషయం గూర్చి దొరికినదల్లా చదివాను. చదివినదాంట్లో మన ప్రాంతపు కుటుంబాలకు తెలియవలసింది చాలా ఉందనిపించి ఇది రాస్తున్నాను.

కోటాసారస్‌ను లోకానికి పరిచయం చేసింది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రజ్ఞులు పి. యాదగిరి గారు. యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలు ఒకటి రెండు కాదు, 840. ఒక్క జంతువువీ కావు, సుమారు 12 జంతువులవి. అన్నీ ఒకే చోట, రాతిలో కలగాపులగంగా ఉన్నాయి. వాటిని విడదీసి, శుభ్రంచేసి, ఏది తొడ ఎముకో ఏది వెన్నుపూసో తేల్చి, 1988లో ఆయన దానికి పేరు పెట్టారు. మ్యూజియంలో నిలబెట్టినది ఆ 12 జంతువుల ఎముకల్లోంచి కూర్చిన ఒక జంతువు. ఒకరి చెయ్యి, మరొకరి కాలు అన్నమాట. తల మాత్రం దొరకలేదు, కొన్ని పళ్లు దొరికాయి అంతే. కాబట్టి మీరు అక్కడ చూసే తల ఊహించి చేసినది. పిల్లలకు ఈ మాట కూడా చెప్పండి. ఏది దొరికిందో, ఏది ఊహో వేరుచేసి చెప్పడం శాస్త్రానికి అవమానం కాదు.

అన్ని జంతువుల ఎముకలు ఒకే చోటికి ఎలా చేరాయి? ఒక మంద మొత్తం నదిలో మునిగి కొట్టుకుపోయి, ఒక మలుపులో ఇసుకలో చిక్కుకొని ఉంటుందని ఒక ఊహ. గోదావరి ఒడ్డున ఉండేవాళ్లకు దీన్ని వివరించి చెప్పనక్కరలేదు. శ్రావణంలో నది పొంగినప్పుడు గేదెలు కొట్టుకొచ్చి ఎక్కడ ఆగుతాయో మన ముసలివాళ్లు ముందే చెప్పగలరు. అలాంటి వరదే, కాకపోతే సుమారు 17, 18 కోట్ల సంవత్సరాల కిందటిది.

ఈ జంతువు బరువు రెండున్నర టన్నులని అంచనా. మన ఓపెన్‌కాస్టులో తిరిగే 100 టన్నుల డంపరు ఒక్క ట్రిప్పులో 40 కోటాసారస్‌లను మోసుకుపోగలదు! డైనోసార్ల లెక్కలో ఇది చిన్నదే. దాని గొప్ప దాని వయసులో ఉంది. తరువాతి కాలంలో భూమ్మీద తిరిగిన బ్రహ్మాండమైన పొడుగుమెడ జంతువులకు ఇది మొదటి తరం బంధువు. అంత తొలినాటి ఎముకలు ప్రపంచంలో చాలా తక్కువ చోట్ల దొరికాయి. ఆ తక్కువ చోట్లలో మన ప్రాణహిత లోయ ఒకటి.

దీనికంటే ముందు మరొకటి దొరికింది. ప్రాణహితకు అవతలి ఒడ్డున, మహారాష్ట్రలోని సిరోంచ వైపు పోచంపల్లి అనే ఊరు ఉంది (చీరల పోచంపల్లి కాదు). 1950ల చివర కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు. లెక్కల సంస్థకు ఎముకలతో ఏం పని అంటారా? ఆ సంస్థను స్థాపించిన మహలనోబిస్ గారు లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే శాస్త్రవేత్తను ఆహ్వానించి, ఈ పని కోసం ఒక విభాగమే పెట్టించారు. 1961లో దొరికిన తొడ ఎముక ఒకటి మనిషి నిలువంత పొడవు, 1.7 మీటర్లు. ఆ జంతువుకు బెంగాలీలో పెద్ద కాలు అనే అర్థం వచ్చేలా 'బరాపాసారస్' అనీ, అది రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరం కాబట్టి 'టాగోరై' అనీ పేరు పెట్టారు. మన నేల మీద దొరికిన జంతువుకు బెంగాలీ పేరు వచ్చిందని నాకు కాస్త అసూయ. ఎండలో కూర్చుని తవ్వినవాళ్లకు పేరు పెట్టే హక్కు ఉంటుంది మరి.

ఇక్కడ మన బొగ్గుబాయి మనిషికి ఒక ప్రశ్న వస్తుంది. మా బాపుకూ వచ్చింది. "నేను ముప్పై ఏండ్లు బాయిల దిగిన. ఒక్క ఎముక సుత కానరాలే. మరి గక్కడ ఎట్ల దొరికినయి?"

జవాబు రాతి పొరల్లో ఉంది. అలమారాలో పుస్తకాలు ఒక పక్కకు ఒరిగి ఉంటాయి చూడండి, మన నేలలోని పొరలు అలా ఒరిగి ఉన్నాయి. రామగుండం, గోదావరిఖని వైపు అంచున పైకి తేలినవి కింది పుస్తకాలు, అంటే పాతవి. బొగ్గు ఉన్నది వాటిలోనే. వాటి వయసు 27 కోట్ల సంవత్సరాల పైమాటే. అక్కడినుంచి ఈశాన్యంగా, ప్రాణహిత వైపు పోయేకొద్దీ పై పుస్తకాలు, అంటే కొత్తవి కనిపిస్తాయి. బెల్లంపల్లి దాటి తాండూరు, అచ్చులాపూర్ వైపు ఎర్రమట్టి నేలలు మలేరి పొరలు. ఇంకా ముందుకు పోతే కోట పొరలు. సిరోంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డునున్న కోట అనే ఊరి పేరే వాటికి పెట్టారు. డైనోసార్లు దొరికింది ఈ కోట పొరల్లో. మన బొగ్గు ఏర్పడేనాటికి డైనోసార్లు ఇంకా పుట్టనే లేదు. అవి వచ్చేసరికి మన అడవులు పాతాళంలో బొగ్గుగా మారే పనిలో ఉన్నాయి. కాబట్టి బాపు ముప్పై ఏండ్లు వెతికినా దొరికేవి కావు.

కానీ బాపుకు వేరే ఒకటి దొరికింది. అది ఏమిటో ఆయనకు తెలియదు.

నా చిన్నతనంలో, ఏదో ఒక నైట్ షిఫ్టు తరువాత, టిఫిన్ డబ్బాతోపాటు ఒక పలక రాయి తెచ్చి నా ముందు పెట్టాడు. నల్లటి రాయి మీద ఇంకా నల్లగా ఒక ఆకు. నాలుక ఆకారంలో పొడవుగా ఉంది, మధ్యలో ఈనె, అటూఇటూ వలలాగ సన్నటి ఈనెలు. రూఫ్ నుంచి రాలిపడిందట. "సద్దిమూటల ఆకు గాదు బిడ్డా, రాయిల ఆకు" అని నవ్వాడు. అవ్వ ఆ రాయిని మామిడికాయ ఊరగాయ జాడీ మీద బరువుగా పెట్టింది. చాలా ఏళ్లు అది అక్కడే ఉంది. బాపు రిటైరై క్వార్టరు ఖాళీ చేసిన రోజున సామాన్ల లారీలో అది ఎక్కలేదు. ఎవరూ దాన్ని గుర్తుపెట్టుకోలేదు, నేనూ గుర్తుపెట్టుకోలేదు.

ఆ ఆకు పేరు గ్లోసోప్టెరిస్. గ్రీకు భాషలో నాలుకకు సంబంధించిన మాట అది. మన బొగ్గులో ఎక్కువ భాగం ఆ చెట్లదే. ఇదే ఆకు ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో కూడా రాళ్లలో ఉంది. దక్షిణ ధ్రువంలోనూ ఉంది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ కెప్టెన్ స్కాట్ బృందం మంచులో ప్రాణాలు విడిచింది. నెలల తరువాత వాళ్ల డేరా దొరికినప్పుడు వాళ్ల సామానులో 35 పౌండ్ల రాళ్లు ఉన్నాయి. ఆకలితో, చలితో అడుగు తీసి అడుగు వేయలేని స్థితిలో కూడా వాళ్లు ఆ రాళ్లను పారేయలేదు. వాటిని సేకరించడంలో ముందున్నది డాక్టర్ ఎడ్వర్డ్ విల్సన్, భక్తిపరుడైన క్రైస్తవుడు. ఆ రాళ్లలో గ్లోసోప్టెరిస్ ఆకులు ఉన్నాయని తరువాత తేలింది. ఈ ఖండాలన్నీ ఒకప్పుడు ఒకే నేల అని చెప్పడానికి అవి సాక్ష్యమయ్యాయి. ఆ పెద్ద నేలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా. మన ఆదిలాబాద్ గోండుల పేరు! వాళ్లు ధ్రువం దగ్గర ప్రాణంకంటే ఎక్కువగా మోసుకొచ్చిన ఆకును మేము ఊరగాయ జాడీ మీద పెట్టుకున్నాం. అవ్వ మీద తప్పులేదు, ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

ఈ లోయ రాళ్లలో జంతువుల గుర్తులున్నాయని మొదట గమనించినవారిలో ఒక మిషనరీ కూడా ఉన్నారు. పేరు స్టీఫెన్ హిస్లాప్. 1817లో స్కాట్లండులో పుట్టి, ఫ్రీ చర్చ్ తరఫున 1845లో నాగపూర్ వచ్చారు. బడి పెట్టారు. ఆయన పేరుమీద వెలసిన హిస్లాప్ కాలేజీ నాగపూర్‌లో ప్రసిద్ధమైనది. తోటి మిషనరీ రాబర్ట్ హంటర్‌తో కలిసి ఆయన నాగపూర్ చుట్టుపక్కల రాళ్లను, వాటిలోని అవశేషాలను గూర్చి లండన్ జియలాజికల్ సొసైటీ పత్రికకు వ్యాసం పంపితే, 1855లో అది అచ్చయింది. గోండుల మాటలూ కథలూ రాసి పెట్టుకున్నారు. మన మలేరి పొరల నుంచి దొరికిన ఒక చేప పళ్లకు ఆయన పేరే పెట్టారు, సెరటోడస్ హిస్లోపియానస్ అని. హంటర్ పేరుమీద మరొకటి ఉంది. అదే మలేరి పొరల్లో దొరికిన మొసలిలాంటి ఒక జంతువుకు 1885లో పారాసూకస్ హిస్లోపి అని పేరు వచ్చింది. ఆ జంతువుల పూర్తి అస్థిపంజరాలు రెండు తరువాతి కాలంలో దొరికాయి. వాటి పొట్ట భాగంలో అవి మింగిన మరో చిన్న సరీసృపం ఎముకలు ఉన్నాయి. 22 కోట్ల ఏళ్ల కిందటి భోజనం!

తన పేరు పెట్టిన మొసలిని చూడటానికి హిస్లాప్ లేరు. 1863 సెప్టెంబరు 4న, నాగపూర్ దగ్గర టాకల్‌ఘాట్ అనే చోట పురాతన రాతి వలయాల తవ్వకం చూసి గుర్రం మీద ఒంటరిగా తిరిగి వస్తున్నారు. దారిలో వాగు పొంగి ఉంది. అందులో మునిగి చనిపోయారు. అప్పటికి ఆయనకు 45 ఏళ్లు. ఆయన రాసి పెట్టుకున్న గోండుల కాగితాలను అప్పటి చీఫ్ కమిషనర్ రిచర్డ్ టెంపుల్ 1866లో అచ్చువేయించారు.

కోట్ల సంవత్సరాలు అన్న మాట విని మనలో కొందరు కుర్చీలో అటూఇటూ కదులుతారని నాకు తెలుసు. ఆదికాండంలోని దినాలు ఎంత పొడవు అన్న చర్చ సంఘంలో ఈనాటిది కాదు. దాన్ని తేల్చడానికి నేను ఇది రాయడం లేదు. ఆ చర్చ తేలేదాకా రాతిని రాతిగా, ఎముకను ఎముకగా చూడకుండా ఆగనక్కరలేదని మాత్రం అనుకుంటాను. హిస్లాప్ ఆగలేదు. మా సండేస్కూల్లో ప్రతి సంవత్సరం ఎవరో ఒక పిల్లవాడు యోబు గ్రంథంలోని పెద్ద జంతువు డైనోసారేనా అని అడుగుతాడు. మన తెలుగు బైబిలులో దాన్ని నీటిగుర్రం అన్నారు గదా, అదే చెబుతాను. లేనిదాన్ని చూపించి పిల్లల విశ్వాసం పెంచాలని చూస్తే, పెద్దయ్యాక వాళ్లు మన మిగతా మాటలు కూడా అనుమానిస్తారు.

అసలు ఒక జంతుజాతి మొత్తం లేకుండా పోతుందనే మాటను మనుషులు ఒప్పుకోవడమే కష్టమైంది. ఆ కథలోనూ ఒక సన్యాసి ఉన్నాడు. 1787లో దక్షిణ అమెరికాలో, ఇప్పటి అర్జెంటీనాలోని లుహాన్ నది ఒడ్డున, మాన్వెల్ టోరెస్ అనే డొమినికన్ సన్యాసి ఏనుగంత జంతువు ఎముకలు తవ్వించాడు. అవి ఓడలో స్పెయిన్ చేరాయి. మూడవ కార్లోస్ రాజు వాటిని చూసి ఎంత మురిసిపోయాడంటే, అలాంటిది ప్రాణంతో ఉన్నది ఒకటి పట్టి పంపండి, లేకపోతే చర్మంలో గడ్డి కూరి అయినా పంపండి అని 1788లో ఉత్తరువు పంపించాడు! మాడ్రిడ్‌లో దాన్ని నిలబెట్టారు. ఫ్రాన్సులో కువియే అనే శాస్త్రజ్ఞుడు దాని బొమ్మలు చూసి 1796లో తేల్చి చెప్పాడు: ఇది చెట్లకు వేలాడే స్లాత్ అనే నిదానపు జంతువుకు బంధువు, ఇప్పుడు ఎక్కడా లేదు. దానికి ఆయన పెట్టిన పేరు మెగాథీరియం. చెట్టెక్కలేనంత పెద్దది కాబట్టి నేల మీద తిరిగేది, వెనక కాళ్ల మీద లేచి కొమ్మలు వంచుకొని తినేది.

మరుసటి సంవత్సరమే అమెరికాలో థామస్ జెఫర్సన్, ఒక గుహలో దొరికిన పెద్ద గోళ్లను ఫిలడెల్ఫియాలో పండితుల ముందు పెట్టాడు. అప్పటికి ఆయన ఉపాధ్యక్షుడై వారం కాలేదు. మొదట అది బ్రహ్మాండమైన సింహం అనుకున్నాడు. సృష్టి గొలుసులో ఒక్క కొక్కెం కూడా ఊడిపోదని ఆయన గట్టి నమ్మకం. కాబట్టి ఆ మృగం పడమటి అడవుల్లో ఎక్కడో తిరుగుతూనే ఉండాలని అన్నాడు. అదీ నేల స్లాతే. ఎక్కడా తిరగడం లేదు. వేల సంవత్సరాల కిందటే అంతరించింది.

స్లాత్ మన దేశంలో ఎన్నడూ లేదు. కానీ దాని పేరు మన అడవిలో ఉంది. మన ఎలుగుబంటి చర్మం, గోళ్లు చూసి 1791లో ఇంగ్లండులో ఒక పండితుడు అది స్లాత్ జాతిదని పొరబడ్డాడు. అందుకే ఇప్పటికీ ఇంగ్లీషులో మన ఎలుగును స్లాత్ బేర్ అంటారు. మహదేవపూర్ అడవిలో ఇప్పపువ్వు తినే ఎలుగుకు ఈ సంగతి తెలియదు.

జెఫర్సన్ ఆశ నిజం కాలేదు గాని, అలాంటి ఆశ ఒకటి నిజమైంది. హిస్లాప్ పేరున్న ఆ మలేరి చేప ఉంది గదా, దాని జాతి ఎప్పుడో పోయిందనే అందరూ అనుకున్నారు, పళ్లు మాత్రమే తెలుసు. 1870లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నదుల్లో అలాంటి పళ్లున్న చేప ప్రాణంతో కనబడింది. ఊపిరితిత్తితో గాలి పీల్చుకునే చేప. హిస్లాప్ వాగులో పోయిన ఏడేళ్లకు.

ఇక మన ఇంటి దగ్గరి సంగతికి వస్తాను. రామగుండంలోని మేడిపల్లి ఓపెన్‌కాస్టు మీకందరికీ తెలుసు. అక్కడ బొగ్గుమీది మట్టి తీస్తున్నప్పుడు ఏనుగులాంటి జంతువు అవశేషాలు బయటపడ్డాయి. సింగరేణి వాళ్లు వాటిని కొన్నేళ్ల కిందట బిర్లా సైన్స్ మ్యూజియానికి అప్పగించారు. ఆ జంతువు స్టెగోడాన్. ఏనుగులకు దగ్గరి చుట్టం. దాని దవడ పళ్ల మీద ఇంటి కప్పు వాలుల్లా వరుసగా గట్లు ఉంటాయి, పేరుకు అర్థం కూడా 'కప్పు పన్ను' అనే. కొన్ని రకాల స్టెగోడాన్‌లకు దంతాలు రెండూ ఎంత దగ్గరగా ఉండేవంటే మధ్యలో తొండం పట్టేది కాదు, పక్కకు వేసుకోవలసి వచ్చేది. అది 110 లక్షల సంవత్సరాల నాటిదని పత్రికల్లో వచ్చింది. ఆ జాతి భూమి మీదికి వచ్చి సుమారు అంత కాలమైందనేది సరే. అయితే ఆ జాతి ఆ తరువాత కూడా చాలా కాలం ఆసియాలో బతికింది. కాబట్టి మేడిపల్లి ఏనుగు వయసు జాతి వయసుతో ఒకటే కానక్కరలేదు. అది పడి ఉన్న మట్టి పొరను చూసి చెప్పవలసిన సంగతి అది.

నా దిగులంతా అక్కడే ఉంది. ఎముక ఒక్కటే మిగిలితే సగమే మిగిలినట్టు. ఎంత లోతులో, ఏ పొరలో, ఏ పక్కకు తల పెట్టి, ఏ గులకరాళ్ల మధ్య ఉందో తెలిస్తేనే అది మాట్లాడుతుంది. భూగర్భ గనిలో మనిషి చేతితో బొగ్గు కొట్టిన రోజుల్లో రాయిని కళ్లతో చూసేవాడు. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు, ఆ తరువాత షావెలు, ఆ తరువాత డంపరు. ఒక్క షిఫ్టులో ఎంత మట్టి లేచి ఓబీ గుట్ట మీదికి పోతుందో మీ ఇంట్లోవాళ్లనే అడగండి. అందులో ఏమి పోతోందో ఎవరికి తెలుసు? బొగ్గు తీయవద్దని నేను అనను. నా చదువూ, మా తిండీ, బాపు పింఛనూ బొగ్గే. కానీ ఆ గుట్టల మీద సర్కారు తుమ్మ మొలవడానికి ముందు ఎవరో ఒకరు చూడాలి.

మహారాష్ట్ర వాళ్లు సిరోంచ దగ్గర వడధం అనే చోట రాతి చెట్లకు, ఎముకలకు ఒక పార్కు పెట్టారు. మన పిల్లలు బడి బస్సులో నది దాటి పోయి చూసి రావచ్చు. నదికి ఈవల, 840 ఎముకలిచ్చిన యామనపల్లిలో, ఆ ఊరి పిల్లవాడు తన ఊరి జంతువును చూడాలంటే హైదరాబాదు టిక్కెట్టు కొనుక్కోవాలి. ఇలాంటి చోట్లను కాపాడటానికి ఒక చట్టం కోసం కేంద్ర గనుల శాఖ 2022లో ముసాయిదా తయారుచేసింది. చట్టాల సంగతి పెద్దలు చూస్తారు. మన ఇళ్లలో చేయగలిగింది చెబుతాను.

మీ ఇంట్లో ఎవరైనా ఓపెన్‌కాస్టులో పనిచేస్తుంటే, లేదా మీ చేను దున్నేటప్పుడు వింత రాయి తేలితే, వెంటనే పెకలించవద్దు. సుత్తితో అసలే కొట్టవద్దు. ఉన్నచోటనే, పక్కన ఒక స్కేలో అగ్గిపెట్టో పెట్టి, ఫోనుతో ఫోటో తీయండి. దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి. తేదీ, చోటు, లోతు కాగితం మీద రాయండి. గనిలో అయితే బెంచి దగ్గరికి సొంతంగా వెళ్లకుండా ముందు ఓవర్‌మన్‌కు చెప్పండి, ప్రాణంకంటే ఎముక ఎక్కువ కాదు. ప్రతి ఏరియాలో కంపెనీకి జియాలజిస్టులు ఉంటారు, వాళ్లకు తెలియజేయమనండి. బయట అయితే జియలాజికల్ సర్వే హైదరాబాదు కార్యాలయానికి ఉత్తరం రాయవచ్చు. ఎముకా, మామూలు రాయా అని తెలుసుకోవడానికి తవ్వేవాళ్లకు ఒక పాత చిట్కా ఉంది. విరిగిన అంచును నాలుకకు ఆనిస్తారు. రాయి జారిపోతుంది. ఎముకలో సన్నటి రంధ్రాలుంటాయి కాబట్టి చాలాసార్లు నాలుకను పట్టుకుంటుంది. ఓబీ గుట్ట రాళ్లతో మాత్రం ఆ పని చేయకండి. భూతద్దంతో రంధ్రాలు చూసినా చాలు.

ఇవన్నీ మా సంఘ స్త్రీల కూడికలో ఒక సాయంత్రం చెప్పాను. ప్రార్థన అయ్యాక టీ తాగుతుంటే ఒక అక్క, "మా ఆయన డంపరు ఆపరేటరు గదా, ఇంటికి ఒకటి పట్టుకొచ్చిండు, కిటికీల పెట్టిండు, పన్ను లెక్కనే ఉన్నది" అన్నది. మరునాడు వాళ్లింటికి వెళ్లాను. గుప్పెడంత రాయి, బరువుగా, ముదురు ఎరుపు, పైన వరుసగా గట్లు. నాకు గుండె గబగబ కొట్టుకుంది. స్టెగోడాన్ పన్ను ఫోటో ఎన్నిసార్లు చూశానో! ఆ అన్న తాను దాన్ని తీసిన బెంచి, తేదీ గుర్తుపెట్టుకున్నాడు, నేను కాగితం మీద రాయించాను. ఫోటోలు తీసి, తెలిసిన ఒక జియాలజిస్టు గారికి చూపించాం. ఆయన ఓపికగా భూతద్దం పెట్టి చూసి, పన్ను కాదమ్మా, ఇనుము పేరుకున్న మట్టిగడ్డ, లోపల ఒక్క రంధ్రం లేదు చూడండి అన్నారు.

అన్న ముఖం చిన్నబోతుందేమో అనుకున్నాను. ఆయన రాయిని తీసుకొని మళ్లీ కిటికీలో పెట్టాడు. "మొన్న గదే బెంచిల, ఇంకొంచెం కింద, తెల్లగ ఒకటి కానొచ్చింది. షావెలోని ఆపుమన్న గాని ఆపలే" అన్నాడు. "ఈసారి నా డంపరే అడ్డం పెడ్త" అన్నాడు. అక్క లోపలినుంచి, "ముందుగాల ఓవర్‌మన్‌కు చెప్పు" అని కేకేసింది.